పిడుగుకి లైన్ క్లియర్

నగరాన్ని కాపాడాల్సిన పిడుగు కొండమీది కరెంటు టవరెక్కి, తీగకి జానెడు దూరంలో ఆగిపోయాడు.

కింద శత్రువుల మరమనుషులు మేడలు కూలగొడుతున్నారు. జనం అటూ ఇటూ పరుగులు పెడుతున్నారు. పిడుగు ఒంట్లో శక్తి అడుగంటి, ఛాతీ మీది నీలం దీపం ఆరిపోయేలా ఉంది. చెయ్యి చాపి ఆ తీగ పట్టుకుంటే చాలు, శక్తి నిండుతుంది. ఆ ఆట ఒక్కసారైనా ఆడిన వాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా పిడుగు అక్కడే నిలబడి తీగ వంక అనుమానంగా చూస్తున్నాడు.

"పట్టుకోండి సూరిబాబు గారూ. టైమైపోతోంది," అన్నాడు ఫణి. ఈ ఆట తయారుచేసిన కుర్రాడు అతనే.

కుర్చీలో కూర్చున్న సూరిబాబు తల కదిపాడు. తలకి చుట్టిన నల్ల పట్టీ, దాని వైర్లు కూడా కదిలాయి.

"ఎలా పట్టుకుంటానండీ? ఎల్సీ తీసుకోలేదు గదా."

ఫణికి అర్థం కాలేదు. వెనక బల్ల మీద కూర్చున్న సత్యవేణికి మాత్రం నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆవిడ లైన్‌మాన్ పెళ్ళాం. స్తంభం ఎక్కే మనిషి ముందు సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి, ఫలానా లైను ఆపమని అడగాలి. ఆపామని అవతలి వాడు పేరుతో సహా చెప్పాలి. ఆ మాట చెవిన పడ్డాకే తీగ మీద చెయ్యి వెయ్యాలి. దాన్నే లైన్ క్లియర్ అంటారు, కరెంటు వాళ్ళ నోట్లో నలిగి ఎల్సీ అయింది. పెళ్ళయినప్పటి నుంచి ఆవిడ ఆ మాట వింటూనే ఉంది. అయితే ఆకాశంలో ఎగిరే వాడు కూడా ఎల్సీ అడుగుతాడని ఆవిడా అనుకోలేదు.

తెర మీద పిడుగు టవరు మీంచి జారి కింద పడ్డాడు. మిషన్ ఫెయిల్ అని ఎర్రటి అక్షరాలు వచ్చాయి. ఆ వారంలో ఆ అక్షరాలు ఎన్నిసార్లు చూశారో లెక్క పెట్టడం మానేశారు.

కాకినాడలో, చచ్చుబడిన చేతులకి వైద్యం చేసే ఆ ప్రయోగశాల ఒక పాత రైసు గోడౌనులో ఉంది. దాన్ని నడిపే డాక్టర్ హైమవతికి యాభై దాటాయి, జుట్టు కురచగా కత్తిరించుకుంటుంది, పేషెంట్లతో పాటు నేల మీద కూర్చుని టీ తాగుతుంది. మొదటి రోజే ఆవిడ సత్యవేణిని తన తెర దగ్గరికి పిలిచి ఒక ఆకుపచ్చ గీత చూపించింది.

"చెయ్యి ఎత్తాలని మీ ఆయన మనసు పూర్తిగా కోరుకుంటే ఈ గీత పైకి లేస్తుందమ్మా. లేచిన ఆ క్షణంలోనే భుజానికి కట్టిన పట్టీ కండరాన్ని తడుతుంది. కోరికా, కదలికా ఒకేసారి కలిస్తే మెదడు ఆ పాత దారి మళ్ళీ గుర్తుపడుతుంది. సగం మనసుతో కోరుకుంటే గీత లేవదు. గ్లాసు ఎత్తండి, దువ్వెన పట్టుకోండి అని అడిగి చూశాం. ఎవరి మనసూ సగం దాటలేదు. అందుకే ఈ ఆట పెట్టాం. ఎగిరి ఆకాశంలో తీగ పట్టుకోమంటే ఎంత ముసలాయనైనా మొత్తం మనసుతో ఎగురుతాడు."

నిజమే. అక్కడికి వచ్చిన వాళ్ళలో చాలామందికి చెయ్యి విచ్చుకున్నది ఆ టవరు మీదే. ఎత్తిన చెయ్యి, తెరిచిన పిడికిలి, బిగించిన పట్టు, మూడూ అక్కడ ఒకేసారి జరుగుతాయి. కరెంటు మనిషికి కరెంటు ఆట ఇంకా బాగా కుదురుతుందని అందరూ అనుకున్నారు. అనుకోవడానికి బాగానే ఉంది, కరెంటు కొట్టి పడిపోయిన మనిషిని తీసుకొచ్చి కరెంటు తీగ పట్టుకోమంటున్నామని ఒక్కరికీ తట్టలేదు.

సూరిబాబు స్తంభం మీంచి పడి ఏడాది కావొస్తోంది. కాళ్ళు బాగయ్యాయి, మాట బాగయింది. కుడి చెయ్యి మాత్రం భుజం దగ్గర వేలాడుతూ ఉండిపోయింది. నరం తెగలేదనీ, మెదడే ఆ చేతిని మర్చిపోయిందనీ డాక్టర్లు తేల్చారు. ఇంకో రెండు మూడు నెలలు దాటితే మర్చిపోయింది మర్చిపోయినట్టే అని హైమవతి దాచకుండా చెప్పింది.

పెద్దాపురంలోని వాళ్ళింట్లో టీవీకి ఫణి ఒక ఆట పెట్టె తగిలించి, చేత్తో పట్టుకుని నొక్కే బొత్తాల మీట ఒకటి ఇచ్చి వెళ్ళాడు. పట్టీ లేకుండా మామూలుగా ఆడుకునే రకం అది. సూరిబాబు ఆ నగరానికి అలవాటు పడాలని అతని ఉద్దేశం. అలవాటు పడింది సత్యవేణి.

ఆవిడ జాకెట్లు కుడుతుంది. కాలు ఒక పని, చేతులు ఇంకో పని, కళ్ళు సూది మీద, చెవులు పొయ్యి మీది పాల మీద. అలాంటి మనిషికి ఎగరడానికి ఒక బొత్తామూ గుద్దడానికి ఇంకో బొత్తామూ పెద్ద కష్టం కాదు. అయినా మొదట్లో ఆవిడ కూడా ఏడిచింది. గోడెక్కమంటే పిడుగు గోడని గుద్దేవాడు. ఎగరమంటే సరిగ్గా చెరువు మీదికి ఎగిరి మునిగిపోయేవాడు. చచ్చినప్పుడల్లా ఆట మళ్ళీ బస్టాండు దగ్గర మొదలయ్యేది.

"ఇదేం ఖర్మండీ బాబూ, చచ్చినోడు చచ్చిన చోట లేవకుండా బస్టాండులో లేవడమేటి?" అని ఫణికి ఫోన్ చేసి దులిపేసింది.

"అందుకే మధ్యలో గోపురాల మీద దిగుతూ వెళ్ళాలండి. ఎక్కడ దిగితే అక్కడ ఆట గుర్తుపెట్టుకుంటుంది. ఇంకో కిటుకు చెప్తాను. కిందికి పడేటప్పుడు ఎగిరే బొత్తాం నొక్కకండి. పడనివ్వండి, ఆ వేగం వచ్చాక నొక్కండి. అప్పుడు రెట్టింపు దూరం పోతాడు."

పడనివ్వడం నేర్చుకున్నాక ఆవిడ నగరమంతా తిరిగేసింది. మరమనుషుల్ని కొట్టేకంటే వాళ్ళ కాళ్ళ కింద రోడ్డు పగలగొట్టడం తేలికని కనిపెట్టింది. అసలు మిషన్లు పక్కనబెట్టి పిల్లుల్ని చెట్ల మీంచి దింపితే శక్తి పెరుగుతుందని కూడా కనిపెట్టింది. అది ఫణి కూడా మర్చిపోయిన సంగతి. సూరిబాబు మంచం మీద కూర్చుని ఎడం చేత్తో మజ్జిగ తాగుతూ చూసేవాడు.

"నువ్వు పిడుగువే, నీకెందుకే టవర్లు? ఇటు రా, ఆ మేడ మీద దిగు," అంటూ సలహాలు ఇచ్చేవాడు. స్తంభాల దగ్గరికి వెళ్ళగానే గొంతు మారిపోయేది. "ఆ తీగ కిందనుంచి పోకు. చుట్టూ తిరుగు."

ఆట అని అతనికి తెలుసు. చేతికి తెలియదు.

ఫణి పట్టు వదిలే రకం కాదు. తీగ తీసేసి తాడు పెట్టాడు. గీత లేవలేదు. తాడు తీసేసి కొమ్మకి మామిడికాయ వేలాడగట్టాడు. పిడుగు మామిడికాయ కింద కూడా చేతులు ముడుచుకుని నిలబడ్డాడు. హైమవతి చాలాసేపు ఆ గీతని చూసి, కుర్చీ వెనక్కి లాగి కూర్చుంది.

"తీగ కాదు ఫణీ. ఆయన ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి ఆ చెయ్యి తల మీదికి లేచిందంటే తీగ కోసమే. అక్కడ ఏం పెట్టినా ఆ చేతికి అది తీగే."

అప్పుడే ఆవిడ కిటికీ పక్కనున్న చిన్న పెట్టె తెరిచింది. అందులో ఒక గుండ్రటి మీట ఉంది.

"పట్టీ మనసుని వినడమే కాదు, కాస్త మాట్లాడగలదు కూడా," అంది. "భయం లేచే చోట ఒక మెత్తటి సంకేతం పంపితే ఆ భయం కాసేపు నిద్రపోతుంది. నా మీద నేను పరీక్షించుకున్నాను, చాలాసార్లు. నాకేమీ కాలేదు. మీరిద్దరూ సరేనంటేనే వాడతాను."

సూరిబాబు సత్యవేణి వంక చూశాడు. సత్యవేణి అతని చేతి వంక చూసింది. పొద్దున ఆ చేతికి చొక్కా తొడుగుతుంటే అతను గోడవైపు తిరిగి నిలబడ్డ సంగతి గుర్తొచ్చింది.

"వాడండి మేడం గారూ," అంది ఆవిడే.

ఆ రోజు పిడుగు టవరెక్కి ఒక్క క్షణం కూడా ఆగలేదు. చెయ్యెత్తి తీగ పట్టేసుకున్నాడు. నీలం దీపం భగ్గుమంది. ఆకుపచ్చ గీత తెర పైఅంచుకి తగిలింది. కుర్చీలో సూరిబాబు పకపకా నవ్వుతున్నాడు. అతని ఒళ్ళో పడి ఉన్న కుడి చేతి చూపుడువేలు ముందుకి వంగి, మళ్ళీ వెనక్కి వచ్చింది. సత్యవేణి నోటికి కొంగు అడ్డుపెట్టుకుంది. ఫణి బయటికెళ్ళి గోడౌను వాచ్‌మన్‌తో సహా అందరికీ కాజాలు పంచాడు.

పెద్దాపురం బస్సులో సూరిబాబు దారంతా పాట పాడుతూ కూర్చున్నాడు. అంత హుషారుగా అతన్ని చూసి ఏడాదైంది. సత్యవేణి కిటికీలోంచి చూస్తూ ఇక మనకి మంచి రోజులొచ్చాయనుకుంది.

మర్నాడు మధ్యాహ్నం కుట్టుమిషన్ మోటారు ఆగిపోయింది. ఫ్యూజు పోయినట్టుందని ఆవిడ లేచి వరండాలోకి వచ్చేసరికి సూరిబాబు అప్పటికే స్టూలు వేసుకుని మీటరు దగ్గర నిలబడి ఉన్నాడు. ఎడం చేత్తో స్క్రూడ్రైవరు పట్టుకుని లోపల మసిపట్టిన చోట గీకుతున్నాడు. పాటేదో కూనిరాగం తీస్తున్నాడు.

మెయిన్ ఆపలేదు.

బల్బు మార్చాలన్నా మెయిన్ ఆపి, 'ఆపాను, ఎవరూ ముట్టుకోకండి' అని వీధిలోకి వినబడేలా అరిచే మనిషి అతను. పక్కింటి వాళ్ళు ఆ కేకలకి నవ్వుకునేవాళ్ళు. సత్యవేణి అరిస్తే ఉలిక్కిపడతాడేమోనని అరవకుండా, మెల్లగా గోడ వెంట వెళ్ళి మెయిన్ కిందికి లాగింది. అప్పుడు కూలబడింది.

"ఏటే, ఏమైంది?" అన్నాడు సూరిబాబు స్టూలు మీంచి నవ్వుతూ.

"మెయిన్ ఆపలేదండి."

"అవునా?" అతను మీటరు వంక చూశాడు, తన చేతి వంక చూశాడు. "ఏమవుద్దిలేవే."

ఆ నవ్వు ఆవిడ నిన్న చూసిందే. టవరు మీద పిడుగు తీగ పట్టుకున్నప్పుడు కుర్చీలో నవ్విన నవ్వు. నిన్న ఎంత ముద్దొచ్చిందో ఇవాళ అంత భయమేసింది.

సాయంత్రం లోపే ఇద్దరూ కాకినాడలో ఉన్నారు. సత్యవేణి జరిగింది చెబుతుంటే హైమవతి వింటూ వింటూ మధ్యలో ఆగిపోయింది. చేతిలో టీ గ్లాసు కింద పెట్టింది.

"ఫణీ, నిన్న పొద్దున నేను ఆఫీసుకి ఎలా వచ్చాను?"

ఫణి తల వంచుకున్నాడు. "స్కూటీ మీద మేడం. రైలు గేటు పడిపోయింది. మీరు వంగి దాని కిందనుంచి వచ్చేశారు. నేను వెనకాల ఉన్నాను. పిలిచాను, మీరు చెయ్యి ఊపారు."

"అవును, ఊపాను," అంది ఆవిడ. "రైలు కనబడుతోంది. చాలా దూరంలో ఉందనిపించింది. ఎంత దూరంలో ఉందో ఇప్పుడు గుర్తుచేసుకుంటున్నా కూడా నాకు గుండె కొట్టుకోవడం లేదు."

నాకేమీ కాలేదు అని ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. ఏదైనా అయితే తెలియాల్సిన చోటునే ఆవిడ నిద్రపుచ్చుకుంది. ఆవిడ లేచి ఆ గుండ్రటి మీటని పెట్టె నుంచి పీకి, వైర్లతో సహా బీరువాలో పెట్టి, తాళం ఫణి చేతికిచ్చింది.

"నేనడిగినా ఇవ్వకు. కొన్నాళ్ళు నన్ను స్కూటీ మీద ఎక్కనివ్వకు," అంది. తర్వాత సత్యవేణి వైపు తిరిగింది. "సూరిబాబు గారికి ఒక్కసారే వాడాం. నాలుగు రోజుల్లో భయం తిరిగి రావాలి. నాకెప్పుడు వస్తుందో తెలియదు. నన్ను క్షమించమ్మా. అది లేకుండా ఆయన చెయ్యి లేస్తుందని మాత్రం నేను మాటివ్వలేను."

ఇంటికొచ్చాక గొడవైంది. సూరిబాబుకి ఆ మీట కావాలి.

"వేలు కదిలిందే. నువ్వూ చూసేవు గదా. ఇంకో పదిసార్లు పెడితే చెయ్యే లెగుద్ది. భయం పోతే పోనీ. దాన్నేం చేసుకుంటాను, కూరొండుకుంటానా?"

"మధ్యాహ్నం మీరు స్టూలు మీద ఉన్నప్పుడు నేను చూసేనండి. మీరు చూళ్ళేదు."

"జాగర్తగా ఉంటాను."

"భయం లేని మనిషికి జాగర్తెక్కడి నుంచి వస్తాదండీ?" అంది సత్యవేణి. "మీ చెయ్యి నాకొద్దా? మీకు అన్నం కలిపి పెట్టేటప్పుడు మీరు తల తిప్పుకోడం నాకు బాగుందా? చెయ్యి కావాలి. దాని కోసం మీరు పోతే నేనేం చెయ్యను?"

అన్నం తినకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. ఆవిడ కుట్టుమిషన్ తొక్కింది, అతను టీవీ ముందు కూర్చుని ఎడం చేత్తో పిడుగుని నగరమంతా ఊరికే తిప్పాడు.

మూడో రోజు పొద్దున అతను స్నానానికి వెళ్ళి, నీళ్ళలో చెయ్యి పెట్టబోయి, గుమ్మం దగ్గరికి తిరిగొచ్చాడు.

"వేణీ, హీటరు తీగ పీకేవా?"

"పీకేనండి."

"చూసి చెప్పు. స్విచ్చి ఆపడం కాదు, పీకేవా?"

పీకిన తీగ తెచ్చి అతనికి చూపించింది సత్యవేణి. అతను తీగ చివర ప్లగ్గు చూసి, సరేనని తలూపి, స్నానానికి వెళ్ళాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి తనివితీరా ఏడ్చింది. పోయిన మొగుడు తిరిగొచ్చినట్టయింది.

ఏడుస్తూనే ఆవిడకి ఒకటి తోచింది. అతను భయపడ్డాడు. అడిగాడు. చూపిస్తే సరేనన్నాడు. భయం పోయింది. ఏ మీటా తిప్పలేదు.

స్నానం చేసొచ్చిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"టవరు మీద మీరు ఎల్సీ లేదన్నారు. ఆ రోజు ఎల్సీ తీసుకునే ఎక్కేరు గదండీ?"

పడిన రోజు గురించి అతను ఇంతవరకు ఎవరికీ నోరు విప్పలేదు. ఇప్పుడు కూడా తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు దాని అంచులు సరిచేస్తూ కూర్చున్నాడు.

"తీసుకున్నానే. సబ్‌స్టేషనోడు ఆపేడు. నేను చూసుకున్నాను, లైను చచ్చే ఉంది. ఎక్కి చెయ్యెత్తేను. అప్పుడు ఆ పక్క ఫంక్షన్ హాలోడు జనరేటర్ ఏసేడు. ఆడి స్విచ్చి సరిగ్గా లేదు, దాని కరెంటు ఎనక్కొచ్చి లైనెక్కింది." అతను ఆగాడు. "తీగ చచ్చిందనుకునే చెయ్యెత్తేను వేణీ. అందికే ఎల్సీ ఉందన్నా దీనికి నమ్మకం లేదు. ఉంది సరే, జనరేటర్ సంగతేటి అంటది. దానికి ఏం చెప్పను?"

సత్యవేణి లేచి ఫణికి ఫోన్ చేసింది.

"బాబూ, మీ నగరంలో సబ్‌స్టేషన్ ఉందా?"

"ఉందండి. కొండ వెనకాల. కానీ అది ఊరికే బొమ్మ, తలుపు కూడా తెరుచుకోదు."

"తెరిపించండి. లోపల స్విచ్చి పెట్టండి. ఫోను పెట్టండి. టవరు కింద పేటలో నాలుగైదు ఇళ్ళెనకాల జనరేటర్లు పెట్టండి. ఒక ఫంక్షన్ హాలు కూడా. ఇద్దరు ఆడేలా చెయ్యగలరా?"

"చెయ్యొచ్చండి. కానీ లైను ఆపేస్తే తీగలో కరెంటుండదు. పిడుగుకి శక్తి రాదు. మిషన్ ఫెయిలవుతుంది."

"అవనీండి. ఇప్పటిదాకా గెలిచేమా ఏంటి?"

వారం తర్వాత సత్యవేణి గోడౌనులో వేరే గదిలో, తెర ముందు, చెవులకి ఫోను తగిలించుకుని కూర్చుంది. అదే గదిలో కూర్చుందామనుకుంది గానీ సూరిబాబు ఒప్పుకోలేదు. పక్కనే కూర్చుని చెబితే అది ఎల్సీ ఎలా అవుద్ది, దూరం నుంచి గొంతు రావాలి అన్నాడు. అంతేకాదు, ఎల్సీ ఇచ్చిన మనిషి దాన్ని తిరిగి తీసుకునే దాకా కుర్చీ దిగకూడదని కూడా చెప్పాడు. ఆవిడ సరేనంది.

తెర మీద ఆవిడ సబ్‌స్టేషన్‌లో ఉంది. ఆకుపచ్చ చీర కట్టుకున్న వీరవనిత. చీర ఆవిడే అడిగి పెట్టించుకుంది. దూరంగా కొండమీద టవరెక్కుతున్న పిడుగు కనబడుతున్నాడు. ఫోన్ మోగింది.

"హలో, సబ్‌స్టేషనా?" భర్త గొంతు వేరేగా ఉంది. ఉద్యోగంలో ఉన్నప్పటి గొంతు అది, ఏడాదిగా వినలేదు. "కొండ ఫీడరు లైనుకి ఎల్సీ కావాలి. మనిషి సూరిబాబు."

"కొండ ఫీడరు. సూరిబాబు గారికి. ఆపుతున్నానండి." స్విచ్చి కిందికి లాగింది. పేటలో దీపాలు ఒక్కొక్క వీధే ఆరిపోయాయి. "ఆపేను. ఎల్సీ ఇచ్చేను."

పిడుగు టవరు మీద నిలబడ్డాడు. కదల్లేదు. అతని ఛాతీ దీపం మిణుకుమంటోంది. మరమనుషులు మేడ పక్కకి వచ్చారు.

"జనరేటర్లు?" అన్నాడు సూరిబాబు. గొంతు చిన్నదైంది.

"ఉండండి. చూసొచ్చి చెప్తాను."

సబ్‌స్టేషన్ మిద్దె మీంచి ఆవిడ దూకింది. పడనిచ్చింది. వేగం వచ్చాక బొత్తాం నొక్కింది. ఆకుపచ్చ చీర నగరం మీదుగా రివ్వున పోయింది. దారికడ్డం వచ్చిన మరమనిషి కాళ్ళ కింద రోడ్డు పగలగొట్టి, వాడు పడ్డాడో లేదో చూడకుండా సాగిపోయింది. మొదటి ఇంటి వెనక జనరేటర్ ఆగే ఉంది. రెండోదీ అంతే. మూడో ఇంటి వాడు అప్పుడే తాడు లాగబోతుంటే వాణ్ణి ఎత్తి వరండాలో కూర్చోబెట్టింది. వెళ్ళిన ప్రతిచోటా పేరు పెట్టి చెబుతూనే ఉంది. పిండిమర ఆగిందండి. డాబా ఇల్లు ఆగిందండి. సందు చివరది తాళం తీసేసుకున్నానండి.

"ఫంక్షన్ హాలు?"

ఫంక్షన్ హాలు ముందు ఫణి లైట్లూ పందిరీ అన్నీ పెట్టాడు, పెళ్ళివారిని కూడా పెట్టాడు పాపం. వెనక జనరేటర్ ఆన్‌లో ఉంది. సత్యవేణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అది బొమ్మని తెలిసి కూడా. ఆపింది. ఆపి, దాన్ని రెండు చేతులా పెకలించి, ఎత్తుకుని, ఊరవతల చెరువులోకి విసిరేసింది. ఆటలో అది చెయ్యొచ్చని ఎవరూ చెప్పలేదు, అయినా అయింది.

"ఫంక్షన్ హాలు జనరేటర్ ఆపేనండి. చెరువులో పారేసేను. ఇక రాదు. ఇప్పుడు సబ్‌స్టేషన్‌కి వచ్చేసేను, స్విచ్చి మీద నా చెయ్యి ఉంది. నేను తప్ప ఎవరూ ముట్టుకోరు."

అవతల అతను ఊపిరి తీసుకోవడం ఒకటే వినబడుతోంది.

తెర మీద పిడుగు తల పైకెత్తాడు. భుజం కదిలింది. చెయ్యి పక్కనుంచి మెల్లగా, మోయలేని బరువేదో ఎత్తుతున్నట్టు, ఛాతీ దాకా, గడ్డం దాకా లేచింది. ఆగింది. మళ్ళీ లేచింది. వేళ్ళు విచ్చుకున్నాయి. చచ్చిన తీగని పట్టుకున్నాయి.

ఛాతీ దీపం ఆరిపోయింది. తెర నిండా ఎర్రటి అక్షరాలొచ్చాయి, మిషన్ ఫెయిల్.

పక్కగదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. హైమవతి ఏదో అంది, మాట తెలియలేదు. తర్వాత ఏ చప్పుడూ లేదు. సత్యవేణి లేవబోయి, తన చెయ్యి ఇంకా స్విచ్చి మీద ఉందని చూసుకుని, కూర్చుండిపోయింది. ఇంత కష్టం ఆవిడ ఎప్పుడూ పడలేదు.

ఫణి పరుగెత్తుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నేను లేవకూడదు బాబూ, ఇచ్చిన ఎల్సీ ఇంకా తిరిగి రాలేదు. ఎంతవరకు లేచిందో చూపించండి."

ఫణి తన కుడి చెయ్యి ఎత్తాడు. నడుం దాటించాడు, భుజం దాటించాడు. చెవి పక్కకి తెచ్చాడు. అక్కడా ఆపకుండా, తల మీదికి, వేళ్ళు విప్పి, పిడికిలి బిగించి చూపించాడు. ఆ చెయ్యి అలాగే ఉంచి రెండో చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

సత్యవేణి ఫోనులోకి మాట్లాడాలనుకుంది. ఎల్సీ తిరిగిస్తారా అని అడగాలి, అది పద్ధతి. అడిగితే అతను ఇచ్చేస్తాడు, ఈవిడ పరుగెత్తి చూడొచ్చు. ఆవిడ అడిగేలోపే అవతల నుంచి సూరిబాబు మాట వచ్చింది. ఏడుస్తున్నాడని తెలుస్తోంది, అయినా ఉద్యోగం గొంతే.

"సబ్‌స్టేషన్. పని అవ్వలేదు. పక్క స్తంభం కూడా చూసుకుంటాను. కరెంటు ఇవ్వకు."

"ఇవ్వనండి," అంది సత్యవేణి. "మీరు దిగి చెప్పేదాకా ఇవ్వను."